చివరి ఎనిమిది నిమిషాలు

భీమవరం పట్టణ ప్రేక్షక మహాశయులు 2001 వేసవిలో ఒక ఇంగ్లీషు సినిమాని ఇరవై ఎనిమిది రోజులు హౌస్‌ఫుల్‌గా ఆడించి, దాని ముగింపును మాత్రం ఏకగ్రీవంగా చూడకుండా వదిలేశారు. ఈ ఘనత జిల్లాలో మరే పట్టణానికీ దక్కలేదు.

సినిమా పేరు ‘కన్నగ్రహం’. మూడు భాగాల కథలో ఇది ఆఖరిది. ఎప్పుడో పాతికేళ్ళ కిందట తీసిన మూడింటినీ తెలుగులోకి మార్చి, ఒకదాని తరవాత ఒకటి వదిలారు. కథ మనవాళ్ళకి తేలిగ్గా అర్థమయ్యేదే. అన్నదమ్ములు కొట్టుకుంటారు. వాళ్ళు పుట్టిన గ్రహంలో సముద్రం ఎండిపోయింది. ఎండగట్టింది నువ్వేనని అన్న, కాదు నువ్వేనని తమ్ముడు, చుక్కల మధ్య ఓడలేసుకుని తిరుగుతూ మూడు సినిమాల పొడుగునా తన్నుకుంటారు. వాళ్ళ అసలు పేర్లకి నోరు తిరక్క ఊరంతా వాళ్ళకి పెద్దోడు, చిన్నోడు అని ఖాయం చేసింది.

చివర్లో పెద్దోడి ఓడ వెళ్ళి చిన్నోడి కోటను గుద్దుతుంది. తెరంతా మంట. మంట కనబడగానే జనం లేస్తారు, గేటు మనిషి తలుపులు బార్లా తీస్తాడు, స్టాండులోంచి ఎవరి బండి ముందు బయటపడితే వాడిదే ఆ పూట విజయం. ఇది తాతల నాటినుంచి వస్తున్న ప్రేక్షక ధర్మం. సినిమా మాత్రం ఇంకా ఎనిమిది నిమిషాలు మిగిలుంటుంది. సముద్రాన్ని ఎండగట్టిందెవరో చెప్పేది ఆ ఎనిమిది నిమిషాల్లోనే.

ఆ ఆఖరి రీలుని రోజుకి నాలుగు ఆటలు ఖాళీ కుర్చీలకి చూపించే బాధ్యత ఆపరేటర్ లోవరాజుది. పంతొమ్మిదేళ్ళుగా పెదబాబు గారి హాల్లో రీళ్ళు ఎక్కిస్తున్న మనిషి. పెరుగు వడ్డించకముందే బంతి మొత్తం లేచిపోతే వంటవాడికెలా ఉంటుందో అతనికి అలా ఉండేది. ఒక్క ఆటకైనా జనం కూర్చుని ఆ రీలు చూడాలి. ఈ జన్మకి అతను కోరింది అంతే. ఓనరు పెదబాబు గారితో ఒకసారి ఆ మాట అన్నాడు. “చూస్తే ఏమొస్తుందయ్యా, తరవాతి ఆట లేటవడం తప్ప?” అన్నారాయన.

ముగింపు చూడకపోవడం వల్ల ఊరికి జరిగిన మేలు అంతా ఇంతా కాదు. చూసి ఉంటే చర్చకి తావుండేది కాదు. ఐసు ఫ్యాక్టరీ అచ్చిబాబు అధ్యక్షతన పెద్దోడి అభిమాన సంఘం, రొయ్యల మేత డీలరు రమేష్ బాబు అధ్యక్షతన చిన్నోడి అభిమాన సంఘం వెలిశాయి. పెద్దోడి కటౌటుకి పాలాభిషేకం జరిగింది. చిన్నోడి కటౌటుకి రొయ్యల దండ వేశారు. మూడో రోజుకి ఆ దండ తన ఉనికిని మూడు వీధులకి చాటింది. కాలేజీ లెక్చరరు ఒకాయన తప్పంతా చిన్నోడిదేనని నలభై పేజీల వ్యాసం రాసి, ముగింపు మీద పది పేజీలు కేటాయించారు. ఆయన స్కూటరు స్టాండులోంచి రోజూ అందరికన్నా ముందు బయటికి వచ్చేది.

ఇరవై తొమ్మిదో రోజున పెద్దోడి కటౌటుకి ఎవరో ముక్కు కోశారు. సాయంత్రానికి నలుగురి తలలు పగిలాయి. పోలీసు వారు టౌన్ హాల్లో శాంతి కమిటీ వేశారు. ఎవరూ చూడని ముగింపు మీద మూడు గంటలపాటు ప్రత్యక్ష సాక్షులు వాంగ్మూలాలిచ్చారు.

వెనక వరసలోంచి లోవరాజు చెయ్యెత్తాడు.

“అయ్యా, అది సినిమాలోనే ఉందండి. ఆఖరి రీల్లో.”

మంట తరవాత కూడా సినిమా ఉంటుందన్న సంగతి పలువురిని కలచివేసింది. చివరికి ఇన్‌స్పెక్టరు గారు లేచి ఉత్తర్వులు చదివారు. “ఆదివారం ఉదయం ప్రత్యేక ప్రదర్శన. ఉభయ పక్షాలూ నడిచి రావలెను. తలుపులకి తాళాలు వేయబడును. ఆఖరి అక్షరం పడేదాకా లేచినవారిపై కేసు నమోదగును.”

ఆదివారం లోవరాజు తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ప్రొజెక్టరు అద్దాలు రెండుసార్లు తుడిచాడు. తెరమీద మంట లేచింది. అలవాటు కొద్దీ హాలంతా లేచి, ఇన్‌స్పెక్టరు గారి విజిల్ విని మళ్ళీ కూర్చుంది. ఆపరేటర్ గది కంతలోంచి నిండు కుర్చీలు చూసి లోవరాజుకి కళ్ళనీళ్ళు ఆగలేదు.

మంటలోంచి బయటపడ్డ అన్నదమ్ములు ఎండిన సముద్రం మధ్య కత్తులు దించేసి కూలబడ్డారు. ఒక ముసలావిడ కర్ర పోటేసుకుంటూ వచ్చింది. “మీరిద్దరూ కాదు నాయనా. మీరు ఒకరినొకరు తరుముకుంటూ పోయారు. ఇక్కడి జనం సముద్రాన్ని వాటాలేసుకుని గట్లు కట్టుకున్నారు. ఎవడి వాటా నీళ్ళు వాడు అమ్ముకున్నాడు. మీరు కొట్టుకుంటున్నంత కాలం వాళ్ళ సంగతి ఎవరూ అడగలేదు.” అన్నదమ్ములిద్దరూ ఎక్కిన చిన్నోడి ఓడ మెల్లగా పైకి లేచింది. కింద గ్రహమంతా గట్లు, గట్ల మధ్య నలుచదరపు గుంటలు, కనుచూపు మేర గుంటలే.

“మన చెరువుల్లాగే ఉన్నాయేంటండీ?” అని బాల్కనీలో ఎవరో అన్నారు. పక్కవాళ్ళు నోరు నొక్కారు.

లైట్లు వెలిగాయి. అచ్చిబాబు రమేష్ బాబు వైపు చూశాడు. రమేష్ బాబు పెదబాబు గారి వైపు చూశాడు. పెదబాబు గారికి ఆకివీడు వైపు నలభై ఎకరాల రొయ్యల చెరువులు. ఆయన లేచి కండువా సర్దుకున్నారు.

“సోదర సోదరీమణులారా! ఇది సినిమా కాదు, ఆక్వా రైతు పొట్టమీద కొట్టే అంతర్జాతీయ కుట్ర. ఈ రీలు సినిమాలోది కాదు. ఎవరో తెచ్చి అతికించారు.”

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. అచ్చిబాబు, రమేష్ బాబు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. లోవరాజు మెట్లు దిగి పరుగున వచ్చాడు.

“అతికించలేదండీ బాబూ, మొదటి ఆట నుంచీ ఇదే రీలండి! అయినా, మన బోరుల్లో ఉప్పునీళ్ళెందుకు పడుతున్నాయండీ? మంచినీళ్ళకి ట్యాంకరెందుకు వస్తుందండీ?”

ఇలాంటి ప్రశ్న శాంతికి భంగమని కమిటీ అక్కడికక్కడే తీర్మానించింది. ఆఖరి రీలును స్వాధీనం చేసుకున్నారు. వీటన్నిటికీ కారకుడైన లోవరాజు మీద మాత్రం చర్య తీసుకోలేదు. పెదబాబు గారు జాలిగుండె గలవారు. మేడ మీది గదినుంచి తప్పించి, గేటు దగ్గర వేశారు. మంట కనబడగానే తలుపులు బార్లా తీయడం ఇప్పుడతని డ్యూటీ.

సినిమా వంద రోజులాడింది. ఉభయ సంఘాల అధ్యక్షులకీ ఒకే శాలువాలో సన్మానం జరిగింది. తెరమీద మంట లేస్తుంది, లోవరాజు గడియ తీస్తాడు, జనం అతన్ని తోసుకుంటూ బయటికి వస్తారు. “ఏం ముగింపండీ బాబూ!” అని మెచ్చుకుంటూ, ఎదురుకొట్లో మంచినీళ్ళ ప్యాకెట్టు కొని, మూల కొరికి ఉమ్మేసి, తాగేసి, బండి స్టార్ట్ చేస్తారు. ఆ నీళ్ళు ఏ ఊరివో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మీ బండి కూడా ఆ వరసలోనే ఉందండి, కాస్త నెమ్మదిగా తీసుకోండి.