చిటికెడు పసుపు బయటకు పోదు

1986 మార్చి ఏడో తేదీ శుక్రవారం, ఉదయం పదకొండు గంటలకు, కరీంనగర్ జిల్లా మెట్‌పల్లి శివారులో పద్నాలుగు ఎకరాలు విదేశమయ్యాయి.

యుద్ధం జరగలేదు. హైదరాబాదు నుంచి ఒక కాగితం వచ్చింది. దాని ప్రకారం కంచె లోపలి స్థలం ఎగుమతుల ప్రత్యేక ప్రాంగణం. సుంకాల లెక్కకు అది దేశం వెలుపలిది. లోపలికి పోయిన సరుకు దేశం దాటినట్టు, బయటకు వచ్చిన సరుకు దేశంలోకి దిగుమతి అయినట్టు. ఆ స్థలంలో నిన్నమొన్నటి దాకా మక్కచేను ఉండేది. ఊరి బర్రెలు కొన్ని అలవాటు కొద్దీ కంచె సందులోంచి విదేశం వెళ్లి, పొద్దుమూకే వేళకు పాలివ్వడానికి స్వదేశం వచ్చాయి. వాటి మీద చర్య ఏదీ లేదు. కాగితం ఇంగ్లీషులో ఉంది గనక వాటికి తెలియదని మన్నించారు. ఊరి వాళ్లకూ తెలియదు గాని, వాళ్లను మన్నించే ఏర్పాటు కాగితంలో లేదు.

ఆ పద్నాలుగు ఎకరాలు శ్యాంసుందర్‌రావువి. ఒకప్పుడు పెద్ద భూములున్న కుటుంబం. సీలింగు చట్టం కొంత, అన్నదమ్ముల పంపకాలు కొంత తీసుకున్నాక మిగిలిన దాంట్లో ఒక మూలన ఆయన పసుపు మిల్లు పెట్టాడు. ఆయన కోరిక ఒకటే. మెట్‌పల్లి పసుపును బొంబాయి సేట్లు కొని తమ పేరుతో ఓడ ఎక్కిస్తున్నారు. ఒక్కసారైనా అది తన పేరుతో ఓడ ఎక్కాలి. దుబాయిలో ఒక వ్యాపారి రెండు వందల బస్తాల పొడి కావాలని రాశాడు. మృగశిర కార్తె లోపు లారీ కదలాలి. వాన పడితే పొడికి చెమ్మ తగులుతుంది, చెమ్మ తగిలితే పురుగు పడుతుంది. ప్రాంగణంలో ఉన్న యూనిట్‌కే ఎగుమతి అనుమతి సులువని ఎవరో చెప్పగా, ప్రాంగణం కావాలని ఆయనే హైదరాబాదు చుట్టూ తిరిగాడు. స్థలమూ ఆయనే ఇచ్చాడు. కంచె రాళ్లు కూడా ఆయన బండ్ల మీదే వచ్చాయి.

ప్రారంభోత్సవంలో ఆయన మాట్లాడాడు. అంతకు ముందు మాట్లాడిన వాళ్లు చప్పట్లు కొట్టించుకున్నారు. తనకూ కావాలనిపించింది.

"మనం వాడితే మరక, విదేశం వాడితే మారకం. ఈ ప్రాంగణంలోని ప్రతి రేణువూ దేశానికి మారకం తెచ్చిపెడుతుంది. సభాముఖంగా హామీ ఇస్తున్నాను. ఈ కంచె దాటి చిటికెడు పసుపు బయటకు పోదు."

చప్పట్లు వచ్చాయి. వెనక వరసలో కూర్చున్న పరిశీలనాధికారి చప్పట్లు కొట్టలేదు. జేబులోంచి కలం తీసి రాసుకున్నాడు.

వారం తిరగకుండా శ్యాంసుందర్‌రావుకు ఒక ఉత్తర్వు అందింది. ప్రారంభోత్సవ సభలో తమరు స్వచ్ఛందంగా ఇచ్చిన హామీని, ఎగుమతి లారీలో పోయే సరుకును మినహాయించి, అనుమతి షరతులలో పదిహేడవదిగా చేర్చడమైనదని అందులో ఉంది. దేశంలో ఏ ప్రాంగణానికీ లేని షరతు అది. ఆయన దాన్ని ఇంటికి తీసుకుపోయి భార్య నిర్మలాదేవికి చదివి వినిపించాడు. ఆమె విని, చప్పట్లు కొట్టినోళ్లను కూడ సంతకం పెట్టమనకపోయినవా అని అడిగింది.

పరిశీలనాధికారి చెడ్డవాడు కాడు. లంచం తీసుకోడు. అదే ఇబ్బంది అయింది. మొదటి తనిఖీ రోజున ఆయన గేటు దగ్గర నిలబడి, పని ముగించుకుని పోతున్న ఆడవాళ్లను చూశాడు. మిల్లులో పనిచేసే వాళ్ల చేతులు, కాళ్లు, కనుబొమలు, చీర కుచ్చిళ్లు పసుపు పచ్చగా ఉంటాయి. మెట్‌పల్లిలో అది ఎవరి కంటా పడదు. ఆయన కంట పడింది. రోజూ పూట పూటా ఇంత సరుకు సుంకం లేకుండా స్వదేశంలోకి దిగుమతి అవుతున్నదని రాశాడు.

దాంతో గేటు లోపల కుళాయి పెట్టించారు. గేటు కాపలాదారు ఇస్తారికి అదనపు బాధ్యత అప్పగించారు. ఆడవాళ్లు కాళ్లు చేతులు కడుక్కుంటుంటే చూసి, సరిపోయిందని తేల్చడం అతని పని. ఇస్తారి అంతకు ముందు జీవితంలో దేన్నీ తేల్చలేదు. కొత్త అధికారం కనక గోళ్ల సందులు కూడా చూశాడు.

మర్నాడు కడిగిన నీళ్ల సంగతి వచ్చింది. అవి పచ్చగా కాలువలోకి, కాలువ నుంచి కంచె కిందుగా పక్క పొలంలోకి పోతున్నాయి. పక్క పొలం భారతదేశం. కాలువ మూసి తొట్టి కట్టారు. తొట్టిలో నీళ్లు నిల్వ సరుకు కింద జమ అయ్యాయి. తొట్టి నిండాక ఇంకో తొట్టి కట్టారు. ఆపైన చీరలు. మిల్లు చీరలు లోపలే విడిచి, ఇంటి చీరలు కట్టుకుని బయటకు పోవాలన్నారు. ఇంటి చీరలు పొద్దున లోపలికి వస్తాయి గనక ఎగుమతి, సాయంత్రం బయటకు పోతాయి గనక దిగుమతి. దానికో చీటీ. ఆ తరువాత గాలి. గాలికి పొడి లేచి కంచె దాటుతున్నది. కిటికీలు మూయించారు. కిటికీలు మూస్తే లోపల ఊపిరాడదు కనక పని గంట చేసి గంట ఆపారు. ఆపిన గంటలో కడుక్కున్నారు.

ఆడవాళ్ల జట్టుకు పెద్ద సత్తవ్వ. ఆమె భర్త దుబాయిలో తాపీపని చేస్తాడు. ఒక సాయంత్రం కుళాయి దగ్గర మూడోసారి కాళ్లు తోముతూ ఆమె శ్యాంసుందర్‌రావును పలకరించింది.

"దొరా, మా ఆయన దుబాయి పోయి నాలుగేండ్లాయె, ఇంక రాలే. నేను పొద్దుగాల దుబాయి పోయి పొద్దుమూకంగ ఇంటికొస్తున్న. మా ఇద్దర్ల ఎవరు హుషారు?"

"నువ్వే సత్తవ్వ."

"మరి నువ్వు?"

శ్యాంసుందర్‌రావు తొట్టి ఎంత నిండిందో చూడడానికి పోయాడు. కొన్నాళ్లుగా ఆయన అద్దం ముందు కూడా ఆ ప్రశ్న తప్పించుకుంటున్నాడు. కంచె రాళ్లు మోసిన ఎడ్లను చూసినప్పుడు వాటికి తన కన్నా తెలివి ఉన్నదని తోచేది. అవి దించి వచ్చాయి, లోపల ఉండిపోలేదు.

ఇంట్లో ఇంకో ముచ్చట జరిగింది. మిల్లు నుంచి ఇంటికి పసుపు రావడం ఆగిపోయింది. నిర్మలాదేవి అంగట్లో పొట్లం కొని తెప్పించుకుంది. పసుపు మిల్లు ఇంటివాళ్లు పసుపు కొంటున్నారని ఊరు రెండు రోజులు నవ్వింది. మూడో రోజు నుంచి, సర్కారు అంత గట్టిగా కాపాడుతున్నదంటే ఆ పసుపులో ఏదో ఉండే ఉంటుందని ఊరు ఒప్పుకుంది.

ఇన్ని చేసినా రెండు వందల బస్తాలు తయారై గోదాములో చేరాయి. రోహిణి కార్తె వచ్చింది. ఇక మిగిలింది పాలన ధ్రువపత్రం. షరతులన్నీ పాటించారని పరిశీలనాధికారి సంతకం చేస్తే, ఆ రోజే లారీ బొంబాయికి కదలవచ్చు. శ్యాంసుందర్‌రావు లారీని ముందే తెప్పించి గేటు బయట పెట్టించాడు. డ్రైవరు దాని నీడలో పడుకుని రోజులు లెక్కపెట్టాడు.

పరిశీలనాధికారి వచ్చాడు. భార్య సరళాదేవిని కూడా జీపులో తీసుకొచ్చాడు. తనిఖీ అయ్యాక ఇద్దరూ బాసరకు పోయి సరస్వతీదేవి దర్శనం చేసుకోవాలని ఏర్పాటు. ఆయన కుళాయి చూశాడు, తొట్లు చూశాడు, కిటికీలు చూశాడు. సత్తవ్వ గోళ్లు చూశాడు. గేటు బయట నేల మీద తెల్ల గుడ్డతో తుడిచి గుడ్డ చూశాడు. తెల్లగానే ఉంది. ఇంత నిబద్ధత తన ఉద్యోగంలో చూడలేదన్నాడు. ఆఫీసు గదిలో కూర్చుని సంతకం చేశాడు. శ్యాంసుందర్‌రావు కిటికీలోంచి లారీ వైపు చెయ్యి ఊపాడు. డ్రైవరు లేచి ఇంజను స్టార్టు చేశాడు.

అదే సమయంలో మిల్లు ఆఫీసు వరండాలో, అతిథి కోసం ఇంటి నుంచి వచ్చిన నిర్మలాదేవి సరళాదేవిని సాగనంపుతున్నది. పండు పెట్టింది, రవికె గుడ్డ పెట్టింది, బొట్టు పెట్టింది. తమ గడపకు వచ్చిన ముత్తైదువ పాదాలకు పసుపు రాయకుండా పంపడం ఆ ఇంట్లో మూడు తరాలుగా జరగలేదు. పసుపు పొట్లం ఇంటి దగ్గర ఉండిపోయింది. పక్కన గోదాములో రెండు వందల బస్తాలు ఉన్నాయి. సత్తవ్వ దోసెడు తెచ్చింది. నిర్మలాదేవి నీళ్లు కలిపి, సరళాదేవి పాదాలకు మడమల నుంచి వేళ్ల దాకా నిండుగా రాసింది.

సరళాదేవి గేటు దాకా నడిచింది. ఇస్తారి అడ్డం నిలబడ్డాడు.

"అమ్మా, కాళ్లు కడుక్కోవాలె. గోర్ల సందుల సుత."

ఇస్తారి తప్పు లేదు. పరిశీలనాధికారి స్వయంగా నేర్పిన మాటలే అవి. సరళాదేవి భర్త వైపు తిరిగింది.

"బాసరకు పోయే మొకాన ముత్తైదువ కాళ్ల పసుపు కడుక్కుంటదా? మీరుండంగ కడుగుమంటున్నడు. నేను కడుగ."

పరిశీలనాధికారి పాదాలను చూశాడు. చేతిలోని ధ్రువపత్రం మీద సిరా ఇంకా ఆరలేదు. ఆయన నిర్మలాదేవిని, ఈ పసుపు ఎక్కడిదని అడిగాడు. ఆమె నిజం చెప్పింది.

"మా గోదాముదే అన్నా. ఆడిబిడ్డను ఉత్త కాళ్లతోని పంపుదునా?"

శ్యాంసుందర్‌రావుకు ఆ క్షణంలో అబద్ధం తట్టింది. అంగడి పొట్లమని చెప్పవచ్చు. కాని భార్య నోటి నుంచి నిజం వచ్చేసింది. పైగా సభలో హామీ ఇచ్చింది తన నోరే గనక, ఆ నోటిని మళ్లీ తెరవడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

పరిశీలనాధికారి గేటు పక్కన స్టూలు వేయించుకుని షరతులన్నీ మొదటి నుంచి చదివాడు. సరళాదేవి గేటుకు లోపల, విదేశంలో నిలబడి ఉంది. జీపు స్వదేశంలో ఉంది. దారి పన్నెండో షరతులో దొరికింది. పరీక్ష నిమిత్తం సరుకును స్వల్ప పరిమాణంలో నమూనాగా బయటకు పంపవచ్చు. ఆయన కాగితం తీసి, పసుపు, నమూనా, రెండు పాదాలు, వాహకురాలు శ్రీమతి సరళాదేవి అని రాసి, అనుమతి ముద్ర వేశాడు. ఇస్తారి కాగితం చూసి, పాదాలు చూసి, రెండూ సరిపోయాయని తేల్చి గేటు తీశాడు. సరళాదేవి జీపెక్కింది.

శ్యాంసుందర్‌రావు చేతులు జోడించి, మరి లారీ కదిలించవచ్చా అని అడిగాడు. పరిశీలనాధికారి బాధపడ్డాడు. నమూనా బయటకు వెళ్లాక పరీక్ష నివేదిక వచ్చే దాకా సరుకు కదలరాదని పదమూడో షరతు చెబుతున్నది. ధ్రువపత్రం ఆయన తిరిగి జేబులో పెట్టుకున్నాడు. డ్రైవరు ఇంజను ఆపాడు.

ఆ సాయంత్రం బాసరలో సరళాదేవి గోదావరి స్నానం చేసింది.

నమూనా నదిలో కలిసిన సంగతిని పరిశీలనాధికారి దాచలేదు. నమూనా లేనిదే పరీక్ష లేదు, పరీక్ష లేనిదే నివేదిక లేదు. ఒక నమూనా మీద నివేదిక రాకుండా రెండో నమూనా తీయడానికి షరతు ఒప్పుకోదు. శ్యాంసుందర్‌రావు హైదరాబాదుకు విన్నపాలు పంపాడు. గోదావరి నీళ్లు తెచ్చి పరీక్షించవచ్చా అన్న విషయం పరిశీలనలో ఉన్నదని జవాబు వచ్చింది. మృగశిరకు వాన పడింది. ఆరుద్రకు బస్తాల్లో పురుగు పడింది. పురుగులు పసుపు తిని, రెక్కలొచ్చాక కిటికీ సందుల్లోంచి కంచె దాటి పోయాయి. వాటిని ఆపే ఉత్తర్వు ఇస్తారికి అందలేదు. దుబాయి వ్యాపారి బొంబాయి సేటు దగ్గర కొన్నాడు. అది మెట్‌పల్లి పసుపే.

సత్తవ్వ జట్టు బీడీలు చుట్టే పనికి పోయింది. పోయే రోజున కూడా ఇస్తారి వాళ్ల కాళ్లు చూశాడు.

మరుసటి జనవరిలో, షరతులను నూటికి నూరు పాళ్లు పాటించిన యూనిట్‌గా శ్యాంసుందర్‌రావు మిల్లుకు షీల్డు వచ్చింది. పత్రికల్లో ఫొటో పడింది. ఫొటోలో ఆయన నవ్వుతున్నాడు. ఎందుకు నవ్వినవని నిర్మలాదేవి అడిగితే, ఏడిస్తే కండ్ల నీళ్లు కూడ లోపటి సరుకే అంటరేమోనని భయపడ్డానన్నాడు.

ఫొటో చూసి జనం వచ్చారు. ప్రాంగణంలో మిల్లు పోగా ఖాళీగా ఉన్న ప్లాట్లన్నీ కొత్త యూనిట్లతో నెలలో నిండాయి. ఆదిలాబాద్ జిల్లా బోథ్‌లో, మెట్‌పల్లికి ఇచ్చి మాకెందుకు ఇవ్వరని బంద్ చేశారు. బంద్ సంపూర్ణంగా జరిగింది. ప్రభుత్వం దిగివచ్చి బోథ్ పత్తికి ఒక ప్రాంగణం మంజూరు చేసింది. ఆ ప్రారంభోత్సవానికి శ్యాంసుందర్‌రావును ముఖ్య అతిథిగా పిలిచారు. ఆయన రెండే మాటలు మాట్లాడాడు.

"మా దగ్గర చిటికెడు పసుపు బయటకు పోలేదు. నమస్కారం."

అంత చప్పట్లు ఆయనకు ముందెప్పుడూ రాలేదు. ఆయన కూర్చోగానే బోథ్ జిన్నింగు మిల్లు యజమాని హనుమండ్లు లేచి మైకు అందుకున్నాడు.

"మెట్‌పల్లోళ్లకు మేం తక్వనా? మా కంచె దాటి దూదిపింజ సుత బయటికి పోనియ్యం."

వెనక వరసలో పరిశీలనాధికారి జేబులోంచి కలం తీశాడు.