సింహం దొర తలకిందుల వ్యాయామం

ఒక పెద్ద అడవిలో కార్యాలయం ఉండేదంటే నవ్వకండి. మన కార్యాలయాలకంటే అది కాస్త నయంగానే నడిచేది. వాగును కనిపెట్టుకుని ఉండడం దాని పని.

పగలు కుందేలు చెంగనాథం గట్టంతా తిరిగి వార్తలు తెచ్చేవాడు. రాత్రంతా గబ్బిలం చీకటమ్మ ఎగురుతూ కాపలా కాసి, తెల్లవారగానే చెట్టుకు తలకిందులుగా వేలాడి నిద్రపోయేది. తాబేలు నిదానమ్మ వాగు మలుపులోని బురదగుంటలో కూర్చుని, నీళ్లు పెరిగితే కేకేసేది. వీళ్లందరి మీదా సింహం దొర. ఆయన పని ఆవలించడం.

ఒక వేసవిలో నక్క హితబోధరావు దిగాడు. పక్క అడవిలో ఆరోగ్యం గురించి ఏదో నేర్చుకొచ్చాడట.

"దొరా, మీ సిబ్బంది ముఖాల్లో కళ లేదు. సంక్షేమ పథకం ఒకటి పెట్టాలి" అన్నాడు.

"నేనేం చెయ్యాలి?"

"మీరేం చెయ్యనక్కర్లేదు. తెల్లవారగానే వాళ్లంతా బండమీద గెంతుతారు. రానివాళ్ల చోటు తీసి, బాగా గెంతినవాళ్లకి బహుమానం ఇద్దాం. అప్పుడు పరిగెత్తుకుంటూ వస్తారు."

మరి గెంతలేనివాళ్ల సంగతేమిటని సింహం అడగలేదు. అడగాల్సింది ఆయనే.

మర్నాడు తెల్లవారేసరికి చీకటమ్మ డ్యూటీ దిగి నేరుగా బండమీదికి వచ్చింది. రెండు గెంతులు గెంతి, మూడోదానికి నిద్రపోయింది. నిదానమ్మ వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. బండమీద ఎవరూ లేరు, నక్క తప్ప.

"నిన్న సాయంత్రమే బయల్దేరాను బాబూ" అంది ఆయాసపడుతూ.

"ఆలస్యం ఆలస్యమేనమ్మా. నిబంధన అందరికీ ఒకటే. సమానత్వమంటే అదేగా మరి!" అన్నాడు హితబోధరావు ఎంతో మర్యాదగా.

అలా బురదగుంట కుందేలుకు బహుమానంగా వెళ్లింది. బురదతో కుందేలుకేం పని అని మీరడగొచ్చు. ఏ పనీ లేదు. చెంగనాథం చెవులదాకా బురదలో మునిగి, తుమ్ముతూ కూర్చున్నాడు.

"నాకిది అక్కర్లేదత్తా" అన్నాడు నిదానమ్మతో దీనంగా. "కానీ వద్దంటే దొరవారు చిన్నబుచ్చుకుంటారు. పైగా రోజూ వచ్చి ఎలా ఉందని అడుగుతున్నారు. చల్లగా ఉందని చెబుతున్నాను."

ఆ వేసవికి వాగులో తడి మిగిలింది ఆ మలుపులోనే. నిదానమ్మ ముళ్లపొద కింద చేరింది. డిప్ప పెనంలా కాలుతోంది, మెడమీద చర్మం పగులుతోంది. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే తను బతకదని ఆమెకు తెలుసు. ఏడుపొచ్చింది. ఏడుపుకంటే ఎక్కువగా ఒళ్లు మండింది.

కొలువు తీరిన రోజున ఆమె మెల్లగా ముందుకు జరిగింది.

"దొరా, పథకం బ్రహ్మాండం. ఒక్కటే వెలితి. అందరం కుందేలు వ్యాయామమే చేస్తున్నాం. చీకటమ్మ వ్యాయామం ఎవరూ చెయ్యడం లేదు. పాపం, చిన్న ఉద్యోగి కదా అని చులకనేమో అనుకుంటారు."

చీకటమ్మ ఉలిక్కిపడి లేచింది. "నేనేమన్నానే పిన్నీ?"

"నువ్వు ఊరుకో" అంది నిదానమ్మ.

నక్క చెవులు నిక్కాయి. ఈ మాట పక్క అడవిలో చెబితే తనకెంత పేరు! "భేష్! అందరినీ కలుపుకుపోవడమంటే ఇదే దొరా! రేపటినుంచి అందరూ తలకిందులుగా వేలాడాలి" అన్నాడు.

"ఎవరికీ మినహాయింపు లేదు. నాతో సహా!" అని గర్జించాడు సింహం దొర. జనం ఎక్కువగా ఉన్నప్పుడు పెద్దవాళ్ల నోటినుంచి ఇలాంటి మాటలు జారుతుంటాయి. కొలువంతా చప్పట్లు కొట్టింది. చప్పట్లు మోగాక మాట వెనక్కి తీసుకోవడం సింహానికైనా కష్టమే.

తెల్లవారింది. చెంగనాథం తీగతో కాళ్లు కట్టించుకుని వేలాడాడు. ఏనుగు తొండంతో కొమ్మ పట్టుకుని, నాలుగు కాళ్లూ నేలమీదే ఉంచి, "నేను వేలాడుతున్నాను" అంది. దాంతో వాదించే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సింహం దొర చెట్టెక్కి, వెనక గోళ్లతో కొమ్మ పట్టి తలకిందులయ్యాడు. జూలు ముఖంమీద పడి ఊపిరాడలేదు. నక్క సరిగ్గా కింద నిలబడి పొగడడం మొదలుపెట్టాడు.

"ఆహా, ఏమి తేజస్సు! ఇంకాసేపు దొరా! ముఖంలోకి ఇప్పుడిప్పుడే కళ..."

ఫెళ్లున కొమ్మ విరిగింది. దుమ్ము తగ్గాక చూస్తే పైన కొమ్మ ఉంది, దాని కింద సింహం ఉంది, అన్నిటికంటే కింద హితబోధరావు ఉన్నాడు.

దొర నడుం పట్టేసింది. గుహలో పడుకుని మూలుగుతుంటే, మర్నాడు పొద్దున్నే గుమ్మంలో చెంగనాథం ప్రత్యక్షమయ్యాడు, పరుచుకోవడానికి గడ్డి నోట కరుచుకుని. వెనకే నిదానమ్మ. ఈసారి ఆమె ముందురోజు మధ్యాహ్నమే బయల్దేరింది.

"ఏమిట్రా?" అన్నాడు సింహం.

చెంగనాథం నోట్లోని గడ్డి కింద పెట్టాడు. "ఇవాళ మీరు వ్యాయామానికి రాలేదు దొరా. నిబంధన ప్రకారం ఈ గుహ నాదట. నిదానమ్మత్త గుర్తుచేసింది. నాకు గుహ కూడా అక్కర్లేదు. కానీ వద్దంటే మీరు చిన్నబుచ్చుకుంటారని..."

సింహానికి కోపం, నొప్పి ఒకేసారి వచ్చాయి. "నడుం లేవనివాణ్ణి వేలాడమంటారా? ఒంటికి చేతకాకపోతే ఉన్న చోటు లాక్కుంటారా? ఇదెక్కడి ఆరోగ్యంరా!"

"అయ్యో, ఘోరం దొరా" అంది నిదానమ్మ. "ఇంతకుముందెప్పుడూ ఎవరికీ ఇలాంటి అన్యాయం జరగలేదు కదా!"

సింహం ఆమె పగిలిన మెడవైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, ఎవరి చోట్లు వాళ్లకే ఉంటాయనీ, ఎవరి ఒంటికి తగ్గ వ్యాయామం వాళ్లు చేసుకోవచ్చనీ, తనకు మాత్రం ఆవలింత చాలుననీ ప్రకటించాడు.

సాయంత్రానికి నిదానమ్మ బురదలోకి దిగి కళ్లు మూసుకుంది. "అమ్మయ్య" అన్నారు ఇద్దరు. రెండోవాడు చెంగనాథం.

ఒంటినిండా ఆకుకట్లతో హితబోధరావు ఇప్పుడు పక్క అడవిలో ఉపన్యాసాలిస్తున్నాడు. ఎవరి ఒంటికి తగ్గ వ్యాయామం వాళ్లకుండాలన్న ఆలోచన మొదట తనకే వచ్చిందట.

నీతి: కిందివాళ్ల కష్టం పైవాడికి తప్పకుండా అర్థమవుతుంది, ముందు ఆయన నడుం విరిగితే చాలు.