మన ఐటం అయిపోయిందిగా!

పాఠక మహాశయులారా, ఒక ఫంక్షనుకి రావడం ఎవరికైనా వస్తుంది. అందులోంచి సమయానికి లేచి పోవడం తెలిసినవాడే నాగరికుడు!

కోప్పడకండి. నిదానంగా ఆలోచించండి. ఇది సీజను. ఎండలకూ వానలకూ ఉన్నట్టే ఘనకార్యాలకూ ఒక కాలముంది. పరీక్షలైపోయాక, బడులు మూసే ముందు, ఆ నెలన్నరలో మనవాళ్ళంతా మూకుమ్మడిగా గొప్పవాళ్ళైపోతారు. పిన్నిగారి పెద్దవాడు డిగ్రీ పట్టా పుచ్చుకుంటాడు. వాళ్ళ చిన్నది నర్సరీ పట్టా పుచ్చుకుంటుంది. ఇద్దరికీ అదే నల్ల గౌను, అదే పలక టోపీ. చిన్నదాని టోపీ ముక్కు మీదికి జారుతుంది, అంతే తేడా. పిన్నిగారికేమో ప్రమోషను. మా మామగారికి డెబ్బై నిండుతాయి. మా బావమరిది ఐదు కిలోమీటర్లు పరిగెత్తి మెడలో పతకంతో ఊగుతూ వస్తాడు. అందులో సగం దూరం నడిచాడని మా ఆవిడే చెప్పింది. ఎంతైనా సొంత తమ్ముడు కదా, ఆ మాత్రం లోకువ ఉంటుంది. నడిచినా పరిగెత్తినా పతకం పతకమే కాబట్టి దానికీ ఒక కేకు, ఒక సాయంత్రం, ఒక గ్రూప్ ఫోటో!

ఇన్నింటికీ మనకున్నవి రెండే చేతులు, వారానికి ఒక్కటే ఆదివారం. అన్నిటికీ వెళ్ళి అన్నీ ఆఖరిదాకా చూస్తే మనిషన్నవాడు బతికి బట్టకడతాడా? అందుకే మన తరం పెద్దలు ఒక మహావాక్యాన్ని కనిపెట్టారు. భర్త భార్య మోచేతిని పొడిచి, చెవిలో గుసగుసగా చెప్పే వాక్యం.

"మన ఐటం అయిపోయిందిగా!"

అంతే. ఆవిడ హ్యాండ్‌బ్యాగు తీస్తుంది, ఆయన కారు తాళాలు తీస్తాడు, వరుసలో ఉన్న మిగతా మోకాళ్ళన్నీ పక్కకు తిరిగి దారిస్తాయి. మన పిల్ల గెంతితే నాట్యం. పరాయి పిల్ల గెంతితే ట్రాఫిక్‌లో ఇరుక్కుపోతామేమోనని భయం! ఇందులో తప్పేముందండీ?

ఈ విద్యలో నాకు కాస్త పేరుంది. మా వీధిలో నన్ను 'ఫస్టు గేరు' అంటారు. ఏ ఫంక్షనుకి వెళ్ళినా గేటు దాటే మొదటి కారు నాదే. అడిగినవాళ్ళకు చెప్పాను, అడగనివాళ్ళకూ చెప్పాను: కారు ముక్కు ఎప్పుడూ గేటువైపే ఉండాలి. హాల్లో కుర్చీ వరుస చివరన ఉండాలి, మధ్యలో కూర్చున్నవాడు మునిగాడన్నమాటే. స్టేజి మీద బిడ్డ వంగి దండం పెడుతుండగానే మనం సగం లేచి ఉండాలి. ముఖ్యంగా వేషం మార్పించే పని పెట్టుకోకూడదు!

కిందటేడు మా అమ్మాయి చెట్టు వేషం వేసింది. కాండం మడతపెట్టి వెనక సీట్లో కుదించాంగానీ కొమ్మలు ఎంతకీ లోపల పట్టలేదు. అటొకటీ ఇటొకటీ కిటికీల్లోంచి బయటపెట్టి బయల్దేరాం. సిగ్నల్ దగ్గర పక్కనున్న స్కూటరాయన కొమ్మ తగలకుండా తల వంచుకుని, లోపలికి తొంగి చూసి, చెట్టు మొహం చూసి, "ఏమ్మా, ఎక్కడ నాటుతున్నారు నిన్ను?" అని అడిగాడు. అయితేనేం? మిగతా జనం పార్కింగులో హారన్లు కొట్టుకునే వేళకి మేం ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చున్నాం.

మంచి విద్య ఒకచోట ఆగదు కదా. మా మామగారి డెబ్బయ్యో పుట్టినరోజుకి బంధువులందరూ వచ్చారు. కేకు కోశారు, ఫోటో దిగారు, ప్లేటు పట్టుకున్నారు, తిని కింద పెట్టారు. అప్పుడు మామగారు జేబులోంచి కాగితం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, "రెండు మాటలు చెప్దామనుకుంటున్నాను" అంటూ లేచారు. తలెత్తి చూసేసరికి కుర్చీల్లో మేం ముగ్గురం, ఇంకా ఎవరో ఇద్దరు. ఆ ఇద్దరూ టాక్సీ కోసం చూస్తున్నారు. ఆయన కాగితం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకుని, "పోన్లే, మీకు తెలిసినవేగా" అన్నారు. ఎంత సుఖమో చూడండి! డెబ్బై ఏళ్ళ మనిషికి గొంతు నొప్పి తప్పింది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ ఏడు బడి వార్షికోత్సవంలో మా అమ్మాయి చెట్టుగా ఉండనంది. నాలుగో తరగతికి వచ్చాక కదలకుండా నిలబడటం నామోషీ అట. మ్యాజిక్ చేస్తానంది. గురువు మా మామగారే. ఆయన వయసులో ఉండగా పేకాటలో పోగొట్టుకున్నవి చాలా ఉన్నాయని మా అత్తగారు అనేవారు. పోగా మిగిలిన విద్య ఇలా మనవరాలికి దక్కింది. ఎవరో ఒకరు ఒక ముక్క తీసి, అందరికీ చూపించి, మళ్ళీ కట్టలో పెట్టేస్తారు. ఇది కట్ట కలిపేసి ఆ ముక్కనే బయటికి లాగుతుంది. అదీ ఐటం.

రెండు నెలలపాటు మా ఇంట్లో పేకముక్క తీయనిదే ఎవరికీ అన్నం లేదు. నేను గడ్డం గీసుకుంటుంటే అద్దంలో ఒక పేక విసనకర్రలా విచ్చుకునేది. "ఒకటి తియ్యండి సార్!" పాలు పోసే ఆయన తీశాడు. పళ్ళ డాక్టరు గ్లవ్స్‌తోనే తీశాడు. మొదట్లో అన్నీ తప్పేవి. మూలకెళ్ళి ఏడ్చి, ముక్కు తుడుచుకుని, మళ్ళీ వచ్చేది. నెల తిరిగేసరికి పది మాట్లు తీస్తే పది మాట్లూ పట్టేసింది. ఎలా పడుతోందో నాకిప్పటికీ తెలియదు. అడిగితే తాతా మనవరాలూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఒక్కటే షరతు పెట్టింది.

"స్టేజి మీదకి మీరెవరూ రాకూడదు నాన్నా. ఇంట్లోవాళ్ళొస్తే, ముందే మాట్లాడుకున్నారు అంటారు. తెలీనివాళ్ళే రావాలి."

"మరి ఎవరూ రాకపోతేనో?" అంది వాళ్ళమ్మ.

"హాలు నిండా ఉంటారు కదమ్మా! ఒక్కళ్ళు రారా?"

ఐటంల వరుస కోసం హెడ్మిస్ట్రెస్ గారు చీటీలు తీయించారు. మా అమ్మాయికి ఆఖరి చీటీ వచ్చింది. "ఆఖర్న పెద్ద మ్యాజిక్! భలే!" అని అది ఇల్లంతా గెంతింది. నేను మాత్రం కాస్త నీళ్ళు నమిలాను. ఆఖరంటే ఏమిటో మా ఇంట్లో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

ఆ రోజు రానే వచ్చింది. హాలు కిక్కిరిసి ఉంది. నిలబడటానికి కూడా చోటు లేక తండ్రులు గోడలకు అతుక్కుపోయారు. మూడో ఐటం మా బావమరిది కొడుకు పాట. పాట అవగానే బావమరిది మెల్లగా నా దగ్గరికొచ్చి, "బావా, మా ఐటం అయిపోయిందిగా! అమ్మాయిది వీడియో తీసి పంపించు. ఏం అనుకోకు, నువ్వు నేర్పిన విద్యే" అన్నాడు. శిష్యుడు ప్రయోజకుడైతే ఏ గురువు మాత్రం సంతోషించడు?

ఆపైన ఒక్కో ఐటానికీ ఒక్కో వరుస పలచబడింది. సీతాకోకచిలుకలు ఎగిరిపోయాయి, వాటి అమ్మానాన్నలూ ఎగిరిపోయారు. సైనికులు కవాతు చేసుకుంటూ స్టేజి దిగి, అదే కవాతులో పార్కింగుకి నడిచారు. వెనక నుంచి కుర్చీలు ఒకదాంట్లో ఒకటి వేస్తున్న చప్పుడు మొదలైంది. మైకు కుర్రాడు ఒకవైపు వైరు చుట్టడం మొదలెట్టాడు. హెడ్మిస్ట్రెస్ గారు ఆవలింతని చేత్తో మూసి, "ఇప్పుడు మ్యాజిక్" అన్నారు.

ఇందులో ఉన్న సౌకర్యం మీరు గమనించాలి! నేను ముందు వరుసలో నాకు నచ్చిన కుర్చీలో కూర్చున్నాను. పక్క కుర్చీలో బ్యాగు, ఆ పక్క కుర్చీలో నా చెయ్యి. నా ఫోనుకి ఒక్క తలకాయ అడ్డం లేదు. అంత చక్కటి వీడియో నేను జన్మలో తీయలేదు.

తెర లేచింది. వాళ్ళ తాతగారి నల్లకోటు మోకాళ్ళదాకా వేలాడుతుండగా, దాని చేతులు నాలుగు మడతలు పైకి పెట్టుకుని మా అమ్మాయి వచ్చింది. "సభకు నమస్కారం" అంది. అని, సభ ఎక్కడుందా అని చూసింది.

నేనూ, మా ఆవిడా, మా మామగారూ, మేం ముగ్గురం ఉన్నాం. కుర్చీలు మోస్తున్న ఇద్దరున్నారు, వాళ్ళ చేతులు ఖాళీగా లేవు. ఇంకో కుటుంబం మాత్రం కింద దేనికోసమో వెతుకుతోంది.

"ప్రేక్షకుల్లోంచి ఎవరైనా ఒకరు... మా ఇంట్లోవాళ్ళు కానివాళ్ళు... స్టేజి మీదకి రావాలి."

దాని కళ్ళు ఆ కుటుంబం మీద నిలిచాయి. మా అందరి కళ్ళూ అక్కడే నిలిచాయి. ఇంతలో వాళ్ళ నాన్న కుర్చీ కిందినుంచి లేచి, "దొరికింది! ఇదిగో రెండో బూటు!" అన్నాడు. నలుగురూ బయటికి నడిచారు.

"ఎవరైనా... ఒక్కళ్ళు..." అంది మా అమ్మాయి. ఈసారి గొంతు సన్నగా వచ్చింది. పేకకట్ట పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది.

ఫోను దించాను. లేచాను. నాకంటే ముందే మా ఆవిడ లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. చక్కా మెట్లెక్కి స్టేజి మీదకి వెళ్ళి, పరాయి ఇంటికి పేరంటానికి వచ్చినంత మర్యాదగా నిలబడింది.

"నేను రావచ్చా అండీ?"

అది వాళ్ళమ్మ మొహంలోకి చూసింది. తర్వాత కోటు సర్దుకుంది.

"రండి మేడం. మీరెవరో నాకు తెలీదు కదండీ?"

"తెలీదండీ."

"మనం ఇంతకుముందు ఎప్పుడూ కలవలేదు కదండీ?"

"ఎప్పుడూ లేదండీ. ఇదే మొదటిసారి చూడటం" అంది వాళ్ళమ్మ. ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఏడుపు ఆపుకునేటప్పటి గొంతు.

"ఒక ముక్క తీసి అందరికీ చూపించండి."

మా ఆవిడ ఆఠీను రాణి తీసి, ఆ ఖాళీ కుర్చీలన్నిటికీ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూపించింది. వెనక కుర్చీల చప్పుడు ఆగింది. ముక్క కట్టలోకి వెళ్ళింది. మా అమ్మాయి కట్ట కలిపింది, కోసింది, కళ్ళు మూసుకుని ఒకటి లాగింది. ఆఠీను రాణి! మా మామగారు మోకాళ్ళ నొప్పి మరిచిపోయి లేచి నిలబడి "శభాష్!" అని అరిచారు. ముగ్గురం... కాదు, ఇద్దరం చప్పట్లు కొట్టాం, మూడో ఆవిడ స్టేజి మీద పరాయిదానిలా నిలబడి ఉంది కదా. హాలు ఖాళీగా ఉంటే ఇద్దరి చప్పట్లే ఇరవైమందివిలా వినిపిస్తాయి. ఇదీ లాభమే, రాసుకోండి.

తిరిగి వెళ్ళేటప్పుడు రోడ్డంతా ఖాళీ. హారన్లు లేవు. వెనక సీట్లో కోటు విప్పకుండానే కూర్చుంది మా అమ్మాయి.

"నాన్నా, అందరూ ఎందుకెళ్ళిపోయారు?"

"ట్రాఫిక్ అమ్మా."

"వాళ్ళ పిల్లలవన్నీ నేను తెర పక్కనుంచి చూశాను. చప్పట్లు కూడా కొట్టాను."

నేను గేరు మార్చాను. మార్చాల్సిన అవసరం లేదు, ఊరికే మార్చాను.

"కిందటేడు నేను చెట్టు వేసినప్పుడు మనమూ మధ్యలో వచ్చేశాం కదా! ఆరోజు ఆఖరి ఐటం ఎవరిది?"

"తెలీదమ్మా" అన్నాను. నిజంగానే నాకు తెలియదు. ఆ పిల్లో పిల్లాడో ఎవరైనా, వాళ్ళ కోసం వాళ్ళమ్మ స్టేజి ఎక్కిందో లేదో కూడా తెలియదు. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మా మామగారు మాత్రం, "ఇంటికెళ్ళాక నేనూ రెండు మాటలు చెప్తాను, వింటారా?" అని అడిగారు. ఆ రాత్రి విన్నాం, కాగితం చివరిదాకా. అందులో మాకు తెలిసినవి చాలా తక్కువ.

సరే, సీజను ఇంకా అయిపోలేదు. వచ్చే ఆదివారం మా వీధి సంగీతం టీచరుగారి పిల్లల కార్యక్రమం ఉంది. అందులో మావాళ్ళెవరూ లేరు. అయినా ఇంటిల్లిపాదీ వెళ్తున్నాం, అందరికంటే ముందే! ఆ హాలుకి ఉన్నది ఒకటే గేటు. నేను మీకు చెప్పిన సూత్రాన్నే పాటిస్తూ, కారు ముక్కు గేటువైపే పెడతాను. కాకపోతే మరీ గేటులోనే పెడతాను, కాస్త అడ్డంగా. తాళాలు మా ఆవిడ బ్యాగులో, ఆ బ్యాగు మా మామగారి కుర్చీ కింద.

"ఆ తెల్ల కారు ఎవరిదో కాస్త తీయండి" అని మైకులో చెప్పిస్తారని తెలుసు. నాకు కొంచెం చెవుడు. ముఖ్యంగా పిల్లలు పాడుతున్నప్పుడు ఏమీ వినిపించదు. నా దగ్గరికొచ్చి భుజం తడతారు. తట్టండి. ఎవరు తట్టినా చిరునవ్వుతో పక్క కుర్చీ చూపిస్తాను.

మీ ఐటం అయిపోయిందా? సంతోషం. కూర్చోండి, మన ఐటం ఇంకా ఉంది.