నాలుగు వందల పన్నెండు

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి, అవీ కేకుల మీద పేర్లు చూసి నేర్చుకున్నవి. ఒత్తులు తప్పితే మన్నించండి. ఇది రాయడానికి నాకు నెల పట్టింది, చదవడానికి మీకు అంత పట్టదు.

బేకరీ మేస్త్రి ఆ ఉదయం రెండే పనులు పెట్టుకున్నాడు: ఇంట్లో షుగర్ పరీక్ష, ఆసుపత్రిలో డాక్టరు సంతకం. ఆయనకు లివర్ మార్చి ఏడాదైంది. చెల్లెలు తన లివర్‌లో ముక్క ఇచ్చింది. దాన్ని ఒళ్ళు తిప్పికొట్టకుండా వేసుకునే మాత్రలు, అంతకుముందు లేని షుగర్‌ను వెంటబెట్టుకొచ్చాయి. అప్పటి నుంచి మేడ కింద ఉన్న సొంత బేకరీలోకే ఆయన్ను అడుగు పెట్టనివ్వలేదు. పది రోజులు వరసగా షుగర్ అదుపులో ఉంటే పనికి వెళ్ళొచ్చని డాక్టరు మాటిచ్చాడు. తొమ్మిది గడిచాయి.

పదో రోజు భార్య స్నానానికి వెళ్ళగానే మేస్త్రి కిందికి దిగాడు. పనివాడు వేసిన కేకు మీద గులాబీ వంకరగా ఉంది. ప్రాణం ఆగలేదు. దాన్ని గీకేసి కొత్తది వేశాడు, పంచదార పొడి చల్లాడు, చేతులు తువ్వాలుకు తుడుచుకుని ఏమీ ఎరగనట్టు పైకొచ్చాడు.

భార్య వేలికి సూది గుచ్చింది. మిషన్ నాలుగు వందల పన్నెండు చూపించింది.

"ఏం తిన్నారు?"

"మంచినీళ్ళు."

"మంచినీళ్ళకి నాలుగొందలా?"

పక్క వేలు మూడు వందల తొంభై అంది. కిందికి వెళ్ళానని ఒప్పుకుంటే పని పోతుంది, లేకపోతే దొంగచాటుగా తిన్నాడని పరువు పోతుంది. మేస్త్రి పరువునే పోనిచ్చాడు.

అరగంటలో చెల్లెలు దిగింది. "ఒళ్ళు కోయించుకుని ఇచ్చింది నువ్వు పాకంలో ఊరబెట్టుకోడానికా, అన్నయ్యా?"

"ఇచ్చేశావుగా. ఇప్పుడది నాది."

"నీదేంటి? నువ్వు అద్దెకున్నావంతే!"

పరుపు దులిపితే చాక్లెట్ కాగితం రాలింది. అది మనవరాలిదంటే ఎవరూ నమ్మలేదు. కొడుకు ఫోన్‌లోనే బేకరీ అమ్మేద్దామన్నాడు. పనివాడు భయపడి షట్టరు దించేశాడు. రొట్టెల కోసం వచ్చినవాళ్ళు మూసిన షట్టరు చూసి, మేడ మీద భార్య ఏడుపు విని, మేస్త్రి పోయాడనుకున్నారు. ఒకాయన పూలు తెచ్చాడు. మేస్త్రి ఆ పూలు తనే అందుకుని, "సాయంత్రం వచ్చి కేకు కొనుక్కెళ్ళు" అని భార్యతో, చెల్లెలితో కారెక్కాడు.

ఆసుపత్రిలో నర్సు ఆయన చేయి పట్టుకుని ఆగింది.

"గోళ్ళలో ఈ గులాబీ రంగేంటి?"

మేస్త్రి తలెత్తాడు. "క్రీము. ముట్టాను, తినలేదు. మళ్ళీ ముడతాను కూడా."

నర్సు సబ్బుతో చేతులు కడిగించి పరీక్ష చేసింది. నూట ఇరవై ఎనిమిది.

"వేలికి అంటిన పంచదారనే మిషన్ లెక్కేసింది," అన్నాడు డాక్టరు. "ఈయన షుగర్‌కి కారణం నోరు కాదమ్మా, మాత్రలు. అవి మానకూడదు. పని మానక్కర్లేదు." సంతకం పెట్టేశాడు.

చెల్లెలికి మింగుడుపడలేదు. "ఈ మిషన్ కూడా అబద్ధాలకోరే! ఏదీ, నాకు చూడండి." సబ్బుతో రెండుసార్లు రుద్ది కడుక్కుని వేలు చాపింది.

రెండు వందల ఎనభై ఆరు. మర్నాడు ల్యాబు వాళ్ళూ ఆమెకు షుగర్ ఉందనే అన్నారు.

ఇప్పుడు మేస్త్రి రోజూ పొద్దున్నే చేతులు కడుక్కుని, పరీక్ష చేసుకుని, గులాబీలు మొదలుపెట్టే ముందు చెల్లెలికి ఫోన్ చేస్తాడు. "నా లివర్ కులాసా. మిగతా ముక్క ఎలా ఉంది?"

— కౌంటరమ్మ, అరవై ఎనిమిదేళ్ళు. ప్రస్తుతం ఉంటున్నది ఆ బేకరీ వెనక గదిలో.