రొట్టెల పికప్పుకి కొత్త ఊపు

బేకరీ ఆయన ఆ ఉదయం పెద్ద పనులేమీ పెట్టుకోలేదు. పొయ్యిలోంచి తీసిన రొట్టెలను పికప్పులో సర్దుకోవాలి, కొండ మీది ఆస్పత్రి వంటింట్లో దించాలి, వెనక్కి వచ్చి తీరిగ్గా కాఫీ తాగాలి. రోజూ చేసే పనే. కాకపోతే ఈ రోజు ఆయన మీసం మాటున ఒక నవ్వు తచ్చాడుతోంది. ట్రేలు అందిస్తున్న భార్య ఆ నవ్వును అనుమానంగానే చూసింది.

నవ్వుకు కారణం పికప్పు ఇంజన్ మీద కూర్చున్న సూపర్‌చార్జర్. ఇంజన్‌లోకి అదనంగా గాలి తోసే యంత్రం అది. బెల్టుతో దాన్ని తిప్పే పుల్లీ చక్రం తీసేసి ఇంకాస్త చిన్నది బిగిస్తే అది మరింత జోరుగా తిరుగుతుంది, గాలి ఒత్తిడి, అదే బూస్టు, పెరుగుతుంది, బండి కొండను అవలీలగా ఎక్కేస్తుంది. చిన్న పుల్లీ కొని తెచ్చిన రోజు నుంచీ అది బిగించమని ఆయన తన బావమరిది ప్రాణం తోడేస్తున్నాడు. బావమరిది మెకానిక్. తొందరంటే అతనికి గిట్టదు.

"బావా, గాలి ఎక్కువ తోస్తే వేడి పెరుగుతుంది. ముందు దాన్ని చల్లబరిచే ఏర్పాటు చూడాలి. ఇంధనం సరిపోతుందో లేదో చూడాలి. ప్లగ్గులు మార్చాలి. పుల్లీ సంగతి అన్నిటికన్నా ఆఖర్న. ఇవేవీ లేకుండా తొక్కితే లోపల టకటకమంటుంది. ఆ చప్పుడు విని కూడా తొక్కారంటే ఇంజన్ మీద ఆశ వదులుకోవడమే. ఇది పందేల బండి కాదు, రోజూ అన్నం పెట్టే బండి."

"అవన్నీ నిదానంగా చేద్దాంలేరా. ముందు పుల్లీ పెట్టెయ్. మీ అక్కకి మాత్రం చెప్పకు."

అక్కకు ఎందుకు చెప్పకూడదంటే, బేకరీ మొత్తం ఆ ఒక్క బండి మీదే నడుస్తోంది. ఈ మధ్య అది కొండ ఎక్కలేక మూలుగుతూ రొట్టెలు ఆలస్యం చేస్తోంది. ఇంకొక్కసారి రోగుల పలహారం వేళ దాటితే వేరే బేకరీ చూసుకుంటామని ఆస్పత్రి వంటింటి పెద్దావిడ కబురు కూడా పంపింది. ఆ ఆర్డరు పోతే పొయ్యి ఆర్పుకోవడమే. అందుకే నిన్న సాయంత్రం బావమరిది చేతులు తుడుచుకుంటూ వచ్చి, "పనైపోయింది బావా, నడిపి చూడండి," అన్నప్పుడు ఆయన అతన్ని కౌగలించుకున్నంత పని చేశాడు.

ఈ ఉదయం రొట్టెలతో బయల్దేరిన పికప్పు నిజంగానే దూసుకుపోయింది. మొదటి మలుపు దాకా ఆయన ఈల వేస్తూనే ఉన్నాడు. అక్కడ ఎత్తు మొదలైంది. గట్టిగా తొక్కేసరికి టకటకటక! ఈల ఆగిపోయింది. కాలు తీస్తే చప్పుడు ఆగింది. తొక్కితే మళ్ళీ మొదలైంది. తొక్కితే ఇంజన్ పోతుంది, తొక్కకపోతే ఆర్డరు పోతుంది. పార్కు పక్కన బండి ఆపి, దిగి, బానెట్‌కు ఆనుకుని నిలబడిపోయాడు.

పార్కులో నడక ముగించుకున్న పెద్దమనుషులు అప్పుడే కార్ల దగ్గరికి వస్తున్నారు. వాళ్ళకు నాయకుడి లాంటివాడు ఒక రిటైరైన బస్సు డ్రైవరు.

"ఏమయ్యా, ఆగిపోయావేం? అలా పాలిపోయావేంటి?"

నిజం చెబితే గంటలోగా భార్య చెవిన పడుతుంది. ఆయన నిజాన్ని మింగేసి, గుండె మీద చెయ్యి వేసుకుని, "ఆస్పత్రికి... తొందరగా చేరాలి బాబాయ్," అన్నాడు.

"అయ్యయ్యో! ఇక మాట్లాడకు. పట్టండయ్యా!"

నలుగురు కలిసి ఆయన్ని ఎత్తి డ్రైవరు బాబాయ్ కారు వెనక సీట్లో పడుకోబెట్టారు.

"నాకేం కాలేదు! రొట్టెలు! రొట్టెలు వెళ్ళాలి!"

"పాపం, పలవరిస్తున్నాడు."

"అడిగింది ఇవ్వండయ్యా, స్థిమితపడతాడు," అన్నారెవరో.

ఒక ట్రే తెచ్చి ఆయన పొట్ట మీద పెట్టారు. స్థిమితపడలేదు. ముందు సీట్లో ఇంకొకటి పెట్టారు. "అన్నీ! అన్నీ!" అని అరిచాడు. పికప్పు ఖాళీ అయి, ఆఖరి ట్రే ఆఖరి కారులోకి ఎక్కేదాకా ఆయన నోరు మూతపడలేదు. కార్లన్నీ లైట్లు వేసుకుని, హారన్లు మోగిస్తూ కొండెక్కాయి. ఎదురొచ్చిన ప్రతి బండీ పక్కకు తప్పుకుని దారిచ్చింది. ఈలోగా ఒకాయన పికప్పు మీద రాసి ఉన్న నంబరుకు ఫోన్ చేసి, "మీవారిని ఆస్పత్రికి తీసుకెళ్తున్నామమ్మా, కంగారుపడకండి," అని చాలా కంగారుగా చెప్పాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేసింది. "గుండె శుభ్రంగా ఉంది. దేనికి భయపడ్డారు?" అని అడిగింది. జవాబు చెప్పేలోపే చేతులకు పిండితో భార్య పరుగెత్తుకొచ్చింది, వెనకే బావమరిది. ఆవిడ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. దాంతో ఆయన ఇక ఆగలేకపోయాడు.

"నన్ను క్షమించవే. నీకు చెప్పకుండా పుల్లీ మార్పించాను. ఇంజన్ టకటకమంటోంది. మన బండి పోయింది."

"పుల్లీయా? మీరు తెచ్చి దాచిన రోజే చూశాను. అది పెట్టొద్దని వాడికి నేనే చెప్పానండీ. మీతో అనొద్దని కూడా చెప్పాను."

అందరూ బావమరిది వైపు తిరిగారు.

"ఇద్దరూ చెప్పొద్దన్నారు," అన్నాడు అతను. "చెప్పలేదు."

"మరి బండి అంత జోరుగా ఎలా వెళ్ళిందిరా?"

"ఇన్నాళ్ళూ బెల్టు వదులై జారుతోంది బావా. ఒక గొట్టం చిట్లి సగం గాలి బయటికే పోతోంది. బెల్టు బిగించాను, గొట్టం మార్చాను. మీకు రావాల్సిన బూస్టే మీకొచ్చింది."

"టకటక?"

"వస్తూ దారిలో బండి దగ్గర ఆగి చూశాను. ట్రేల స్టాండు కొక్కెం ఊడింది. మీరు తొక్కినప్పుడల్లా ఊగుతూ వెనక తలుపుకి కొట్టుకుంటోంది."

కోపం రావాల్సిన చోట ఆయనకు కళ్ళు చెమర్చాయి. తన మాట కాదని తన బండిని కాపాడిన భార్య, ఇద్దరి మాటా నిలబెట్టి పని మాత్రం సరిగ్గా చేసిన బావమరిది, పేరైనా అడగకుండా తనను మోసుకొచ్చిన ఈ నడక మనుషులు. ఇంతమంది తనకు ఉన్నారని ఆయనకు ఇంతవరకూ తోచలేదు. డ్రైవరు బాబాయ్ చేతులు రెండూ పట్టుకుని, "మీ రుణం తీర్చుకోలేను," అన్నాడు. బాబాయ్ ఒళ్ళంతా రొట్టెపొడే. "దానికేముందయ్యా, నువ్వు బాగున్నావు, అంతే చాలు," అన్నాడు.

అంతలో వంటింటి పెద్దావిడ తలుపు తోసుకుని లోపలికొచ్చింది. ఆయన మంచం మీద లేచి కూర్చుని, "అమ్మా, ఈ ఒక్కసారికీ ఆలస్యం..." అంటూ మొదలుపెట్టాడు.

"ఆలస్యమా? రొట్టెలు పొగలు కక్కుతూ వచ్చాయి. ఇంత పెందలాడే ఏనాడైనా తెచ్చారా?" అంటూ ఆవిడ, ట్రేలన్నీ వంటింట్లోకి మోసి గోడవారగా నిలబడి రొప్పుతున్న పెద్దమనుషులను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. "ఆ బండి జోలికి పోకండి. రేపటి నుంచి వీళ్ళతోనే పంపండి."