శ్రీ పక్కన ఖాళీ

స్త్రీలు కూడా భవనాలు రూపొందిస్తారన్న సంగతిని నగర నిర్మాణ శాఖ ఈ ఏడాది ఫిబ్రవరి పదకొండున, మధ్యాహ్న భోజన విరామం తరవాత, అధికారికంగా కనుగొంది. కనుగొన్నాక ఆలస్యం చేయలేదు. 'మహిళా సహకార గుర్తింపు విభాగం' అని ఒకటి నెలకొల్పి, మహిళా దినోత్సవం లోపు నగరంలోని ప్రతి ప్రభుత్వ భవనంలోనూ కనీసం ఒక స్త్రీని గుర్తించి తీరాలని ఉత్తర్వు జారీచేసింది. (ఆ భవనాలు ఊడ్చేవాళ్లు ఇందులోకి రారని కింద చిన్న అక్షరాల్లో ఉంది. వాళ్లు మొదటినుంచీ కనబడుతూనే ఉన్నారట.)

విభాగానికి ఒక గది కావలసివచ్చింది. శాఖ కార్యాలయంలో ఖాళీ గదులు లేవు. అందుచేత బాగా ఆలోచించి, కింది అంతస్తులో ఆడవాళ్ల మరుగుదొడ్డిని ఖాళీ చేయించారు. అద్దం మీద 'విభాగాధిపతి' అని కాగితం అంటించారు. చేతులు కడుక్కునే తొట్టిలో ఫైళ్లు పేర్చారు. ఆ కార్యాలయంలో పనిచేసే ఆడవాళ్లు ఇప్పుడు రోడ్డు దాటి ఎదురుగా ఉన్న బ్యాంకుకి వెళ్తున్నారు. వెళ్లేముందు హాజరు పుస్తకంలో 'క్షేత్ర పర్యటన' అని రాయాలి.

ఆ గదిలోకి ఒక సోమవారం ఉదయం టీచరమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లుగా ఎనిమిదో తరగతికి వ్యాకరణం చెబుతున్న మనిషి. ఆవిడ చెల్లెలు ఆర్కిటెక్టు. కొత్త నగర గ్రంథాలయాన్ని పునాదినుంచి పైకప్పుదాకా గీసింది ఆ చెల్లెలే. గ్రంథాలయం పూర్తవడానికి తొమ్మిదేళ్లు పట్టింది. చెల్లెలి ఆయుష్షు దానికి నాలుగు నెలలు తక్కువైంది.

మహిళా దినోత్సవం రోజునే గ్రంథాలయం ప్రారంభం. అక్కడ పెట్టబోయే శిలాఫలకం నమూనా ఇంటికి వచ్చింది. అందులో రూపశిల్పి అన్నచోట 'నగర నిర్మాణ శాఖ' అని ఉంది. కింద 'సహకారం' అన్న పట్టీలో చెల్లెలి పేరు ఏడోది, కుర్చీలు సరఫరా చేసినవాళ్ల తరవాత. టీచరమ్మ ఆ కాగితం మీద ఎర్ర సిరాతో ఒక సున్నా చుట్టి, మడిచి, చేతిసంచిలో పెట్టుకుని వచ్చింది.

గుమాస్తా మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు, ఫైలు తీశాడు, నక్షాలు ఒక్కొక్కటీ తిరగేశాడు. ప్రతిదాని మూలా రెండు పొడి అక్షరాలు, ఒక చుక్క.

"చూశారా, ఇవన్నీ ఆయన గీసినవండీ," అన్నాడు. "తొమ్మిదేళ్లూ ఫైలు ఆయన మీదే నడిచింది."

"ఆ పొడి అక్షరాలు మా చెల్లెలివి."

గుమాస్తా కళ్లజోడు సవరించుకున్నాడు. "ఆయన మీ చెల్లెలా?"

"అవును."

అతను కాసేపు నీళ్లు నమిలాడు. (గదిలో నీళ్లకి కొదవ లేదు, కుళాయి ఇంకా కారుతూనే ఉంది.) తమ శాఖ ఆయనకి రెండువందల పై చిలుకు ఉత్తరాలు రాసిందనీ, అన్నీ 'అయ్యా' అనే మొదలయ్యాయనీ, ఒక్కసారైనా ఆయన అభ్యంతరం చెప్పలేదనీ నొచ్చుకుంటూ గుర్తుచేశాడు.

"చెబితే ప్లాను మళ్లీ మొదటినుంచి చూస్తారు, మరో రెండేళ్లు పోతాయి అంటుంది," అంది టీచరమ్మ. వెంటనే "అనేది," అని దిద్దుకుంది.

ఈ మధ్య ఆవిడకి కాలాలు తప్పుతున్నాయి. క్లాసులో పిల్లలు కూడా గమనించారు, ఎవరూ నవ్వలేదు.

గుమాస్తా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పేరు కొట్టాడు. 'స్త్రీ' అన్న గడి నొక్కాడు. వెంటనే హోదా అన్నచోట నాలుగు అవకాశాలు తెరుచుకున్నాయి: సహకారం, స్ఫూర్తి, రంగుల ఎంపిక, మొక్కలు. రూపశిల్పి అన్న మాట ఎక్కడా లేదు. చేత్తో కొట్టిచూస్తే, దయచేసి నిజమైన వివరాలే ఇవ్వండి అని తెర ఎర్రబడింది. అతను పాపం మంచి ఉద్దేశంతోనే 'పురుషుడు' నొక్కి చూశాడు. మొట్టమొదటే వచ్చింది, రూపశిల్పి.

ఇద్దరూ కలిసి విభాగాధిపతి దగ్గరికి వెళ్లారు. అంటే అదే గదిలో అద్దం కింద కూర్చున్నాయన వైపు తిరిగారు. ఆయన అంతా శ్రద్ధగా విన్నాడు. తనకీ ఇద్దరు కూతుళ్లున్నారనీ, పెద్దది లెక్కల్లో మొగపిల్లాడితో సమానమనీ చెప్పాడు. అసమానతని కూకటివేళ్లతో పెకలించడానికే ఈ విభాగం పుట్టిందని, వేళ్లదాకా వెళ్లడానికి ఇంకా బడ్జెట్టు రాలేదని వివరించాడు.

"ఇది వివక్ష కాదమ్మా," అన్నాడు చివరికి. "మెనూ."

మెనూ మార్చడానికి ఒక ఉపసంఘం ఉంది. దాని సభ్యులు అయిదుగురు. స్త్రీల ఇబ్బందులు స్త్రీలకి కొత్తగా చెప్పి బాధపెట్టడం ఎందుకని అందులో అందరినీ మగవాళ్లనే వేశారు. వాళ్లు మే నెలలో కలుస్తారు. శిలాఫలకం చెక్కేది బుధవారం.

కాబట్టి ఉన్నవి రెండు దారులు. చెల్లెలు స్త్రీగానే ఉండి సహకరించవచ్చు. లేదా మగవాడై భవనం కట్టవచ్చు.

టీచరమ్మ చేతిసంచిలోంచి ఎర్ర సున్నా చుట్టిన ఆ కాగితం తీసి చూసుకుంది. ఆస్పత్రిలో ఆఖరి వారం చెల్లెలు అడిగింది, "రాయి మీద రూపశిల్పి అని రాశారా అక్కా?" అని. "రాశారు, నా కళ్లతో చూసొచ్చాను," అని చెప్పింది తను. రాయి అప్పటికి గని దాటలేదు. ముప్పై ఏళ్లుగా పిల్లల వాక్యాలు దిద్దుతున్న మనిషి, జరగనిదాన్ని భూతకాలంలో చెప్పింది. ఆ వాక్యాన్ని దిద్దడానికి ఇక ఒకటే దారి మిగిలింది. ఆ మాట నిజం కావాలి.

"మగవాడనే రాయండి," అంది.

గుమాస్తా రాశాడు. పేరు ముందు దానంతట అదే 'శ్రీ' వచ్చి కూర్చుంది. దాని పక్కన మతి చేర్చడం కుదురుతుందా అని ఆవిడ అడిగింది.

"రెండు చిక్కులున్నాయండీ," అన్నాడతను. "ఒకటి, మీ చెల్లెలు ఇప్పుడు మగవాడు. రెండు, ఆయనకి పెళ్లి కాలేదు. పెళ్లికానివాళ్లకి మతి రాదండీ."

"కుమారి?"

"వయసు ముప్పై అయిదు దాటితే కంప్యూటరు తీసుకోదు."

అసలు శ్రీ అనేదే తీసేస్తే ఎలా ఉంటుందని కూడా ఆవిడ అడిగిచూసింది. దానికి పైవాళ్ల అనుమతి కావాలన్నాడు. (అనుమతిలోనూ మతి ఉందని ఆవిడకి తోచింది. పైకి అనలేదు.)

బుధవారం మధ్యాహ్నం బడినుంచి నేరుగా రాళ్లు చెక్కే చోటికి వెళ్లింది. చెక్కేవాడు ముసలాయన, ఒళ్లంతా తెల్లటి దుమ్ము. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెక్కాడు. కానీ శ్రీకీ పేరుకీ మధ్య రెండు అక్షరాల మేర నున్నటి రాయి మిగిలి ఉంది. టీచరమ్మ అక్కడ వేలు పెట్టి ఆయన వైపు చూసింది.

"ఆయమ్మ రెండుసార్లు వచ్చిందమ్మా ఇక్కడికి, మచ్చు రాళ్లు చూసి ఎంచుకోడానికి," అన్నాడు ఆయన, ఉలి తుడుచుకుంటూ. "చోటు వదిలాను. వాళ్లకి మతి ఎప్పుడొస్తే అప్పుడు చెక్కుతా."

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. వేదిక మీద తొమ్మిదిమంది మగవాళ్లు కూర్చుని స్త్రీలకి చోటివ్వాలని ఒకరి తరవాత ఒకరు కోరారు. విభాగాధిపతి బరువైన గొంతుతో, ఎంత వెతికినా ఈ భవనంలో మహిళల సహకారం దొరకలేదని, ఈ లోటుకి సమాజమంతా తల దించుకోవాలని అన్నాడు. సమాజం కాసేపు దించుకుంది.

అయితే చీకట్లో ఒక వెలుగురేఖ ఉందన్నాడు. ఈ గ్రంథాలయంలో మగవాళ్లకి ఎన్ని మరుగుదొడ్లు ఉన్నాయో ఆడవాళ్లకి అంతకి రెట్టింపు ఉన్నాయి. పాలిచ్చే తల్లులకి కిటికీ ఉన్న గది ఉంది. మెట్ల మలుపుల్లో ఒక్క చీకటి మూల లేదు. చీర కుచ్చెళ్లు తట్టుకోని ఎత్తులో మెట్లున్నాయి. ఆడవాళ్ల కష్టం ఇంతగా తెలిసిన మగవాడు కోటికి ఒక్కడుంటాడని, అందుకే మొట్టమొదటి 'ఉత్తమ స్త్రీ పక్షపాత పురుష' పురస్కారం ఈ రూపశిల్పికే ఇస్తున్నామని ప్రకటించాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

"దురదృష్టవశాత్తూ ఆయన మన మధ్య లేరు. ప్రతి మగవాడి విజయం వెనకా ఒక స్త్రీ ఉంటుందంటారు. ఆ స్త్రీని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను."

టీచరమ్మ వెళ్లింది. శాలువా కప్పించుకుంది. పత్రంలో రెండు అక్షరదోషాలు కనిపించాయి, వదిలేసింది. మైకు చేతికిచ్చి రెండు మాటలు మాట్లాడమంటే, ఒక్కటే మాట్లాడింది.

"ఆయన మా చెల్లెలు."

జనం దాన్ని దుఃఖంలో తడబాటు అనుకుని ఇంకోసారి చప్పట్లు కొట్టారు. ముందు వరసలో గుమాస్తా మాత్రం తల వంచుకుని బూట్లు చూసుకున్నాడు.

సాయంత్రం అయిదింటికి నివేదిక పంపాలి. ఏ భవనానికైనా ఒక స్త్రీ లేకుండా నివేదిక కదలదు. అందుకని గుమాస్తా 'ఈ భవన నిర్మాణంలో మహిళల సహకారం' అన్న గడిలో సంఖ్య ఒకటి అని వేసి, పేరు ఎవరూ అడగలేదు గనక, పక్కన 'అక్క' అని రాశాడు.