ఉపగ్రహానికి చూపించిన మన్ను

2011 ఆగస్టు 27, శనివారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు గంగారంలో జగపతిరావు నలభై మూడు పోడు కుటుంబాలను ఉపగ్రహాలకు అప్పగించారు.

ఆయన మానుకోట ఉద్యమ కమిటీ కన్వీనర్. మానుకోట శివారులో ఆయనకు పద్దెనిమిది ఎకరాల మామిడితోట ఉంది. పోడు రైతుల కష్టాలను ఆయన ఆ తోటలో కూర్చునే అర్థం చేసుకున్నారు. ఇప్పుడు వేదిక ఎక్కి, చేతిలోని జీపీఎస్ మిషన్‌ను జనానికి చూపించారు.

"ఇన్నేండ్లు మన భూములను గొలుసులతోని కొలిచిన్రు. గొలుసు ఎవల చేతుల ఉంటే భూమి వాళ్లదైంది. ఇగ గొలుసు బంద్. ఉపగ్రహమే పైనుంచి కొలుస్తది. ఉపగ్రహానికి ఆంధ్ర లేదు, తెలంగాణ లేదు. జై తెలంగాణ!"

జనం జై కొట్టారు. వేదిక మీద టార్పాలిన్ కప్పడం వల్ల మిషన్‌కు ఆకాశం అందలేదు. ఉపగ్రహాల కోసం వెతుకుతున్నానని తెర మీద ఇంగ్లీషులో రాసి చూపింది. జగపతిరావు అది చదివి జనానికి అర్థం చెప్పారు.

"చూసిన్రా, ఉపగ్రహాలు మనకోసం దేవులాడుతున్నయి."

మూడో వరుసలో కూర్చున్న భద్రు తల పైకెత్తాడు. టార్పాలిన్ కనబడింది.

భద్రుది గంగారం పక్కనున్న తండా. గుట్ట వాలులో అతనికి నాలుగెకరాలు ఉన్నాయి. తండ్రి అడవి కొట్టి చేసిన పోడు. జొన్న, కంది వేస్తాడు. చేను మధ్యలో ఎడ్లబండి అంత నల్లరాయి ఉంది. ఆ భూమికి పట్టా లేదు. పట్టా లేని పోడును కందకం తవ్వి అడవిలో కలిపేస్తామని, లోపల నీలగిరి నాటుతామని అటవీ అధికారులు దండోరా వేయించారు. నాలుగెకరాలు పోతే భద్రు కుటుంబానికి మిగిలేది గుంటూరు మిర్చి చేలలో కూలి.

మర్నాడు తండా బడి టీచరు శారద ఇంటికి వస్తే భద్రు అడిగాడు.

"టీచరమ్మా, గంత మీదున్నదానికి నా శేను ఏదో ఎట్ల ఎర్కైతది?"

శారద అతని భార్య రామిని ఒక గుమ్మడికాయ తెమ్మంది.

"భూమి గిట్ల గుండ్రంగ ఉంటది భద్రన్నా. తొడిమ ఉన్నది ఉత్తరం కొస. కాయకు నిలువుగ సాళ్లున్నయి గదా, గవి రేఖాంశాలు. అన్నీ తొడిమ కాడ కలుస్తయి." తర్వాత కాయ నడుముకు నూలుతాడు కట్టింది. "గిది భూమధ్యరేఖ. దీనికాడి నుంచి తొడిమ దిక్కు ఎంత మీదికి వచ్చినమో చెప్పేది అక్షాంశం. మనం పదిహేడు డిగ్రీలు దాటినం. తూర్పుకు ఎంత పోయినమో చెప్పేది రేఖాంశం. మనది ఎనభై."

"తూర్పుకు అంటే ఏడికాడి నుంచి?"

"లండన్ కాడ ఒక జాగ ఉన్నది. ఆడ సున్న."

రామికి ఇది నచ్చలేదు. "మా శేనుకు సున్న లండన్ల పెట్టుడేంది? నల్లరాయి కాడ పెడితే పాయె."

"ఎవల రాయి కాడ వాళ్లు సున్న పెట్టుకుంటే ఒకల లెక్క ఇంకొకలకు తెలువదక్కా. అందుకని లోకమంతా ఒక్కకాడ పెట్టుకున్నరు. డిగ్రీని అరవై నిమిషాలు చేస్తరు, నిమిషాన్ని అరవై సెకన్లు. మీదికి ఒక్క సెకను జరిగితే ముప్పై మీటర్లు పోయినట్టు."

తర్వాత ముగ్గురూ గుట్ట ఎక్కారు. శారద నల్లరాయి మీద నిలబడి తన ఫోను ఆకాశానికి చూపించింది. ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల 54 నిమిషాల 11 సెకన్లు. తూర్పు రేఖాంశం 80 డిగ్రీల 8 నిమిషాల 40 సెకన్లు.

"ఈ రెండు గీతలు కలిసే జాగ భూమ్మీద ఒక్కటే. ఇంకోటి ఉండది" అంది.

భద్రు ఆ అంకెలను దున్నేటప్పుడు పైకి చదివేవాడు. మూడు రోజుల్లో కంఠస్థం వచ్చింది. ఎడ్లకు గూడ వచ్చినయని రామి అంది.

సర్వే బాధ్యత సర్వేయర్ వీరేందర్‌కు అప్పగించారు. అతను ఉద్యమానికి కట్టుబడిన ఉద్యోగి. సెప్టెంబరు 13 నుంచి సకల జనుల సమ్మె. అతని చేతికి మిషన్ వచ్చింది 9న. గుట్ట ఎక్కి నలభై మూడు చేలు కొలవడానికి వారం పడుతుంది. అటు ఉద్యమం, ఇటు ప్రజాసేవ. ఈ ధర్మసంకటాన్ని జగపతిరావు ఒక్క ఫోనుతో తీర్చారు.

"ఎవల శేను మన్ను వాళ్లు పిడికెడు తెమ్మను. తోటల కూసోని చూద్దాం."

రైతులకు ఇందులో వింత కనిపించలేదు. భూసార పరీక్షకు ఏటా మన్ను మూటగట్టి పంపడం వాళ్లకు అలవాటే. సెప్టెంబరు 10న నలభై మూడు మంది ట్రాక్టర్ ట్రాలీ ఎక్కి, నలభై మూడు మూటలతో మానుకోట మామిడితోటలో దిగారు. మోటారు బావి పక్కన, ఆకాశం కనిపించే చోట బల్ల వేశారు. ఒక్కో మూట విప్పి బల్ల మీద పోయడం, మన్ను మీద మిషన్ పెట్టడం, అంకెలు రాసుకోవడం. మధ్యలో భోజనాలు. రెండు గంటల పది నిమిషాల్లో సర్వే సగానికి పైగా పూర్తయింది.

భద్రు వంతు వచ్చింది. వీరేందర్ చదివాడు. "పదిహేడు, ముప్పై ఆరు, అయిదు. ఎనభై, సున్న, ఇరవై రెండు."

"సారూ, నాది యాభై నాలుగు, పదకొండు."

"ఎవలు చెప్పిన్రు?"

"నల్లరాయి కాడ టీచరమ్మ ఫోన్ల చూసినం."

"ఆమె ఫోను గొప్పదా, గవర్నమెంటు మిషన్ గొప్పదా?"

"మిషన్‌ది తప్పు లేదు సారూ. మన్ను వచ్చింది గని భూమి రాలేగద."

లైన్లో ఉన్నవాళ్లు నవ్వారు. వీరేందర్ జగపతిరావు వైపు చూశాడు. ఆయన తమలపాకు పక్కన పెట్టి వచ్చారు.

"మన్ను భూమి కాకపోతే ఏందిరా భద్రూ? రేపు తెలంగాణ వచ్చినంక అమరుల స్తూపానికి ఊరూరి మన్ను తెస్తం. అప్పుడు గూడ ఊరు రాలే అంటవా?"

భద్రు బల్ల మీది తన మన్నును మళ్లీ మూటలోకి ఎత్తుకున్నాడు.

"మిషన్ అబద్ధమాడది. రాసుకో వీరేందర్."

మిషన్ నిజంగానే అబద్ధమాడలేదు. తాను మోటారు బావి పక్కన ఉన్నానని ఆ రోజు నలభై మూడు సార్లు చెప్పింది.

ఈ పద్ధతికి మట్టి విధానం అని పేరు పెట్టారు. సమ్మె ముగిశాక జనగామ నుంచి, భూపాలపల్లి నుంచి అధికారుల బృందాలు వచ్చి బల్లను చూసి వెళ్లాయి. భూపాలపల్లి బృందం బల్ల కొలతలు రాసుకుంది.

నవంబరు 19న పట్టాలు పంచారు. నలభై మూడు పట్టాల్లోనూ ఒకే అక్షాంశం, ఒకే రేఖాంశం. ప్రజల మధ్య ఇంత ఐక్యత ఎన్నడూ చూడలేదని జగపతిరావు సభలో అన్నారు.

నవంబరు 28న అటవీ రేంజి అధికారి బలరాం మట్టి తవ్వే మిషన్‌తో గుట్టకు వచ్చాడు. భద్రు పట్టా చూపించాడు. బలరాం తన దగ్గరున్న జీపీఎస్‌లో అంకెలు కొట్టాడు.

"గీ భూమి ఈడ లేదు. ముప్పై ఆరు కిలోమీటర్ల అవతల, మానుకోట కాడున్నది."

"సారూ, నేను దున్నేది ఈడ."

"పట్టా ఉన్నకాడ దున్నుకో. నేను ఆపుతనా? ఈ గుట్ట ఖాళీ చెయ్యాలె. పది రోజులు టైం ఇస్తున్న."

భద్రు పట్టా మడిచి జేబులో పెట్టుకుని తండాకు వచ్చాడు. మిగతా వాళ్లనూ పిలిచాడు. చాలాసేపు మాట్లాడుకున్నారు.

డిసెంబరు 1, గురువారం ఉదయం ఏడు గంటలకు నలభై మూడు నాగళ్లు మామిడితోటలోకి దిగాయి. మోటారు బావి దగ్గర మొదలుపెట్టారు. అందరి బిందువూ అదే కాబట్టి కొంత తోపులాట జరిగింది. జగపతిరావు బనియన్ మీదే పరుగెత్తుకొచ్చారు.

"ఏందిరా గిది? నా తోటల నాగళ్లేంది?"

భద్రు ఎడ్లను ఆపి పట్టా తీశాడు. "గిది మా భూమి పటేలా. పదిహేడు, ముప్పై ఆరు, అయిదు."

"పిచ్చి లేసిందా? గది మిషన్ తప్పు!"

"మిషన్ అబద్ధమాడదంటివి గద పటేలా."

"జర పక్కకు జరుగు పటేలా, సాలు పోతది" అని వెనక నుంచి రామి అంది.

జగపతిరావు పోలీసులకు ఫోను చేయబోయి ఆగారు. పట్టాల మీద సర్కారు ముద్ర ఉంది. పంచుతున్న ఫోటోలో మధ్యలో తానే ఉన్నారు. ఆయన ఆలోచించారు. పది నిమిషాల తర్వాత చొక్కా వేసుకుని వచ్చి, తోటలోనే ఒక ప్రకటన చేశారు. సర్వేలో పొరపాటు జరిగిందని, దాన్ని ఒప్పుకునే దమ్ము తెలంగాణ బిడ్డకే ఉంటుందని, తానే స్వయంగా గుట్ట ఎక్కి మళ్లీ కొలిపిస్తానని.

డిసెంబరు 5న ఆయన గుట్ట ఎక్కారు. దారిలో మూడు చోట్ల అలుపు తీర్చుకోవడానికి కూర్చున్నారు. పత్రికల ఫోటోగ్రాఫర్లు జనగామ నుంచి వచ్చారు. నల్లరాయి మీద తలపాగాతో, భుజాన భద్రు గొడ్డలితో ఆయన ఫోటో దిగారు. వీరేందర్ రాయి మీద మిషన్ పెట్టాడు.

"పదిహేడు, యాభై నాలుగు, పదకొండు. ఎనభై, ఎనిమిది, నలభై."

భద్రు శారద వైపు చూశాడు. ఆమె తలూపింది. రామి వీరేందర్‌కు కల్లు పోసింది.

కొత్త పట్టాలు రావాలంటే పాతవి వాపసు చేయాలని వీరేందర్ చెప్పాడు. దానికొక కాగితం తెచ్చాడు. శారద రెండుసార్లు చదివింది. పట్టాలో చూపిన భూమితో తమకు సంబంధం లేదని, దాన్ని వదులుకుంటున్నామని ఉంది. అందులో తప్పు లేదు. నలభై మూడు మంది సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. కొలతలు నడుస్తున్నాయని చెప్పి బలరాం నుంచి గడువు కూడా జగపతిరావే ఇప్పించారు.

2012 జనవరి 26న మానుకోటలో జెండా వందనం తర్వాత పట్టా ఇచ్చారు. ఇచ్చింది ఒక్కటే. అది ఎవరిదో పేరు చదివేలోపు జనగణమన మొదలైంది. తమవి ఎప్పుడు వస్తాయని భద్రు అడిగాడు.

"ఒకసారి పట్టా వదులుకున్నోళ్లకు మళ్ల ఇయ్యాల్నంటే పైనుంచి రూలు రావాలె" అన్నాడు వీరేందర్.

"మరి గుట్ట కొలిచిన కాయితం?"

"గది ఎటు పోతది? కొలిచింది ఊకెనే పోనిస్తమా?"

ఫిబ్రవరి 2న ఉదయం తొమ్మిదిన్నరకు బలరాం మట్టి మిషన్‌తో మళ్లీ గుట్టకు వచ్చాడు. భద్రు, రామి నల్లరాయి దగ్గర నిలబడి ఉన్నారు. బలరాం ఫైలు తెరిచాడు.

"నల్లరాయి చుట్టూ పదెకరాలకు పట్టా అయింది. ఈడ కందకం పడది."

భద్రు రెండు చేతులూ జోడించాడు. "అంకెలు సదువు సారూ."

"పదిహేడు..."

"యాభై నాలుగు, పదకొండు. ఎనభై, ఎనిమిది, నలభై" అని భద్రు పూర్తి చేశాడు.

"నీకెట్ల ఎర్క?"

"మా ఎడ్లకు గూడ ఎర్కే. పేరు సదువు సారూ."

బలరాం కాగితం వెలుగుకు తిప్పి చదివాడు. పేరు, జగపతిరావు. వృత్తి, పోడు వ్యవసాయం. విస్తీర్ణం, చట్టం ఒకరికి అనుమతించే గరిష్ఠం. నివాసానికి రుజువు, నల్లరాయి మీద గొడ్డలితో దిగిన ఫోటో, పత్రిక కత్తిరింపు, ఒకటి.

కందకం పదెకరాల చుట్టూ తిరిగి వచ్చింది. సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలకు పని పూర్తయింది. భద్రు ఎడ్లు కందకానికి ఇవతల, చేను అవతల ఉన్నాయి.